వాన చుక్క చెప్పేది కథా, పాఠమా?

సందేహం: నాలుగు, ఐదు తరగతులకు తెలుగు చెబుతాను. ఒక పేరా ఇచ్చి ఇది కథా, వర్ణనా, విషయ వివరణా అని అడిగితే పిల్లలు నోటికొచ్చింది చెప్పేస్తున్నారు. ‘అంటే’, ‘ఎందుకంటే’, ‘కాబట్టి’, ‘ఉదాహరణకు’ లాంటి మాటలు కనిపిస్తే విషయ వివరణ అనుకోండి అని గుర్తు చెప్పాను, అదీ సరిగ్గా పనిచేయడం లేదు. మొన్న ఒక పాఠంలో వాన చుక్క తన సంగతి తానే చెప్పుకుంటుంది. సగం మంది అది కథ అన్నారు, సగం మంది సైన్సు పాఠం అన్నారు. ఎవరిది ఒప్పు? అసలు తెలుగులో నమ్మదగిన గుర్తు ఏదైనా ఉందా?

సమాధానం: ఉందండీ. కాకపోతే మీరు దాన్ని వాక్యం మొదట్లోనో మధ్యలోనో వెతికిస్తున్నారు. తెలుగులో అది ఎక్కువగా వాక్యం చివర దొరుకుతుంది.

ముందు ఆ నాలుగు మాటల సంగతి చూద్దాం. ‘రాజుకు కోపం వచ్చింది, ఎందుకంటే మంత్రి చెప్పిన వేళకు రాలేదు.’ ఇందులో ఎందుకంటే ఉంది, అయినా ఇది కథే. ‘పాములకు బయటికి కనిపించే చెవులు ఉండవు. నేలలోంచి వచ్చే కదలికలను దవడ ఎముకల ద్వారా పసిగడతాయి.’ ఇందులో మీరు చెప్పిన మాట ఒక్కటీ లేదు, కానీ ఇది అచ్చమైన విషయ వివరణ. గుర్తు మాటల జాబితా చేతికిస్తే పిల్లలు పేరా చదవడం మానేసి ఆ మాటల కోసం వేటాడతారు, అందులో వాళ్ల తప్పేమీ లేదు, పెద్దవాళ్లమైనా అదే చేస్తాం.

ఇక వాక్యం చివరికి వద్దాం. కథ జరిగిపోయినదాన్ని చెబుతుంది కాబట్టి వచ్చింది, చూశాడు, పారిపోయారు అంటుంది. విషయ వివరణ ఎప్పుడూ జరిగేదాన్ని చెబుతుంది కాబట్టి మరుగుతుంది, తిరుగుతాయి, ఉండవు అంటుంది. పాత వ్యాకరణాల్లో దీన్ని తద్ధర్మ క్రియ అన్నారు, ఒక వస్తువు స్వభావాన్నీ అలవాటునూ చెప్పే క్రియ అన్నమాట. పిల్లలకు ఆ పేరు చెప్పాల్సిన పనే లేదు, రూపం పట్టుకుంటే చాలు. ఒక చిన్న చిక్కు మాత్రం ఉంది. ఇప్పటి తెలుగులో జరగబోయేదానికీ ఇదే రూపం వాడతాం: ‘రేపు వాన పడుతుంది’, ‘మేఘంలోని నీటి బిందువులు కలిసి బరువెక్కితే వాన పడుతుంది’. రెండింట్లోనూ పడుతుందే, కానీ మొదటిది రేపటి కబురు, రెండోది వాన స్వభావం. అనుమానం వస్తే వాక్యానికి ముందు ‘సాధారణంగా’ అని చేర్చి చదవమనండి. ‘సాధారణంగా రేపు వాన పడుతుంది’ అని చదవగానే వాళ్లే నవ్వుతారు, ఇక మీరు వివరించక్కర్లేదు.

అసలు క్రియే లేని వాక్యాలు కూడా విషయ వివరణలో బాగా కనిపిస్తాయి. ‘తిమింగలం క్షీరదం.’ ‘సూర్యుడు ఒక నక్షత్రం.’ అలాగే పేరు పెట్టే వాక్యాలు: ‘నీరు ఆవిరిగా మారడాన్ని బాష్పీభవనం అంటారు.’ (ఈ ‘అంటారు’తో కాస్త జాగ్రత్త, ‘మా తాతగారు అలాగే అంటారు’ అన్నదాన్నీ పట్టుకొచ్చి నిర్వచనం అని చూపించే గడుగ్గాయిలు ప్రతి క్లాసులో ఉంటారు.)

ఇదంతా చెప్పడం కంటే ఒక వాక్యాన్ని బోర్డు మీద రాసి దాని తోక మార్చి చూపించడం మేలు. ‘పూలు దొరికిన తేనెటీగ గూటికి తిరిగొచ్చి, అవి ఏ దిక్కున, ఎంత దూరంలో ఉన్నాయో నాట్యం చేసి మిగతావాటికి చెబుతుంది.’ ఇది విషయ వివరణ. ముందు ‘ఒకరోజు ఒక’ చేర్చి, చివర ‘చెబుతుంది’ తీసి ‘చెప్పింది’ పెట్టండి. ‘ఒకరోజు ఒక తేనెటీగ’ అనగానే తర్వాత ఏమైంది అని పిల్లలు అడుగుతారు చూడండి, మొదటి వాక్యానికి ఆ ప్రశ్న రాదు. దానికి వచ్చే ప్రశ్న వేరు, నాట్యంతో దిక్కు ఎలా చెబుతుంది అని. విషయం అదే, మాటలు దాదాపు అవే, చదివేవాడి ఎదురుచూపు మాత్రం మారిపోయింది.

అయితే భూతకాలం కనిపిస్తే కథ అని గుడ్డిగా చెప్పకూడదు. ‘ఈ నాట్యంలోని అర్థాన్ని కార్ల్ ఫాన్ ఫ్రిష్ అనే శాస్త్రవేత్త విప్పి చెప్పాడు. 1973లో నోబెల్ బహుమతి పంచుకున్న ముగ్గురిలో ఆయన ఒకడు.’ జరిగిపోయిన సంగతే, అయినా కథ కాదు, సమాచారం. చరిత్ర పాఠాలన్నీ ఇలాగే ఉంటాయి. అందుకే క్రియ చూశాక రెండో ప్రశ్న కూడా వేయించాలి: దీన్ని చదివితే నాకు ఏం తెలిసింది? ఎవరికో ఏం జరుగుతుందో అన్న ఆత్రమా, లేక ఏమిటి, ఎందుకు, ఎలా అన్నదానికి జవాబా?

వర్ణనతో వచ్చే తికమక గురించి ఎక్కువ చెప్పను. ‘నెమలి పురి విప్పితే వెయ్యి కళ్లు ఒక్కసారి తెరుచుకున్నట్టుంటుంది’ అంటే కంటికి చూపిస్తున్నాం. ‘పొడవైన పింఛం మగ నెమలికే ఉంటుంది, ఆ ఈకలు ఏటా రాలిపోయి కొత్తవి వస్తాయి’ అంటే తెలియజేస్తున్నాం. ఉంటుంది రెండు చోట్లా ఉంది, కాబట్టి ఇక్కడ క్రియ ఒక్కటే సాయపడదు. పోలిక తీసేస్తే వాక్యంలో ఏం మిగులుతుందో చూడమంటే సరిపోతుంది.

నన్నడిగితే అసలు కష్టం కథతోనూ వర్ణనతోనూ కాదు, నీతి వాక్యంతో. చెట్ల గురించి ఒక పేరా రాయమనండి. వేళ్లు నీటిని పీల్చుకుంటాయి, ఆకులు ఆహారం తయారుచేస్తాయి అని చక్కగా నడిచి నడిచి, చివర ‘కావున మనమందరం చెట్లు నాటాలి’ అని తేలుతుంది. ఎలా చెట్టు పెరుగుతుందో చెప్పడం వేరు, నాటమని ఒప్పించడం వేరు. ఇది పిల్లలు మన దగ్గర నేర్చుకున్న అలవాటే, వ్యాసం అంటే చివర నీతి ఉండి తీరాలని మనమే నూరిపోశాం. ‘ఆలి’, ‘కూడదు’, ‘వద్దు’ అన్న ముగింపులు కనిపించిన వాక్యం కింద గీత గీయించండి. వివరణ ఎక్కడ ఆగి సలహా ఎక్కడ మొదలైందో వాళ్లకే కనిపిస్తుంది. రకం గుర్తుపట్టడానికి ఇంతకంటే మంచి అభ్యాసం నాకు తోచడం లేదు.

ఇంకో మాట. పిల్లలు తడబడటానికి బోధన ఒక్కటే కారణం కాదు, వాళ్లు ఇలాంటి రచనలు చదివిందే తక్కువ. అమెరికాలో నెల్ డ్యూక్ అనే పరిశోధకురాలు ఒకటో తరగతి గదులు ఇరవైంటిని పరిశీలించి 2000లో ప్రచురించిన అధ్యయనంలో, సమాచారం ఇచ్చే రచనలతో పిల్లలు గడిపిన సమయం రోజుకు సగటున 3.6 నిమిషాలే అని తేలింది. కథలు ఊహ తెలిసినప్పటి నుంచీ వింటూనే ఉంటారు కాబట్టి అదేమిటో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. రెండోదాన్ని చూడకుండానే గుర్తుపట్టమంటే ఎలా? గుర్తులు చెప్పేముందు వారం పది రోజులు ఊరికే చదివి వినిపించండి, పేర్లు పెట్టకండి, ప్రశ్నలు అడగకండి.

ఇప్పుడు మీ వాన చుక్క. ‘ఎండ వేడికి నేను ఆవిరై పైకి వెళ్లాను, అక్కడ చల్లబడి మేఘంలో కలిశాను’ అని ఉందనుకుందాం. ‘నేను’ తీసి ‘నీరు’ అనండి, ‘వెళ్లాను’ తీసి ‘వెళుతుంది’ అనండి. ఏమీ పోలేదు, ఆ చుక్క బదులు ఇంకో చుక్కను పెట్టినా అదే మాట చెబుతుంది, కాబట్టి అది కథ వేషం వేసుకున్న విషయ వివరణ. అలా కాకుండా ఆ చుక్కకు మేఘం నుంచి దూకాలంటే భయం, పక్క చుక్కతో పోట్లాట, చివరికి ధైర్యం తెచ్చుకుని ఎండిన మొక్క మీదే పడాలని నిర్ణయం, ఇవన్నీ ఉంటే వాటిని ‘నీరు’ అని మార్చి చెప్పలేం. అప్పుడది ఆ ఒక్క చుక్క కథే, మధ్యలో కాస్త సైన్సు ఉన్నా సరే. మీ పాఠంలో రెండూ కొంచెం కొంచెం ఉండి ఉంటాయి, అందుకే క్లాసు రెండుగా చీలింది. ఏ వాక్యాన్ని చూసి అలా అన్నారో చూపించగలిగితే రెండు పక్షాలకూ మార్కులు వేయండి. ఒకే జవాబు ఉండాల్సిన పరీక్షలో మాత్రం ఆ పేరా ఇవ్వకండి, దాన్ని క్లాసులో వాదించుకోవడానికి ఉంచుకోండి.