నాబ్ ఉందన్నారు, తిప్పితే ఆగడం లేదు: షాపువాళ్ల మాటకు చట్టంలో విలువెంత?

ప్రశ్న: నాకు పుట్టుకతోనే చూపు లేదు. విశాఖపట్నం మద్దిలపాలెంలో ఇంట్లోనే వండి, చుట్టుపక్కల హాస్టళ్ల పిల్లలకు పూటకు పాతిక క్యారేజీలు పంపుతాను. మూకుట్లో మరిగే నూనెతో ఎప్పుడూ భయమే. అందుకని వేపుళ్లకు ఎయిర్ ఫ్రయర్ కొందామని డాబాగార్డెన్స్‌లో ఒక షాపువాళ్లకు వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టి వివరాలు అడిగాను. ‘నాబ్ ఉన్నదే ఇస్తాం, మీకు వీలుగా ఉంటుంది’ అని వాళ్లూ వాయిస్‌లోనే చెప్పారు. 2024 అక్టోబరు 26న తమ్ముడు వెళ్లి రూ. 8,990 ఇచ్చి తెచ్చాడు. బిల్లు వాడి పేరు మీదే ఉంది. తీరా చూస్తే ఉన్నది ఒక్కటే నాబ్. ఎంత తిప్పినా గిర్రున తిరుగుతూనే ఉంటుంది, ఎక్కడా ఆగదు. వేడి ఎంతో, టైము ఎంతో తెరమీద అంకెలు చూస్తేనే తెలుస్తుంది. మూడో రోజు ఫోన్ చేస్తే, పెట్టె విప్పేశారు కాబట్టి వాపసు తీసుకోం అన్నారు. ‘చూపున్నవాళ్లని తోడు పెట్టుకుని వాడుకోండి’ అని కూడా అన్నారు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటోంది. పదహారు నెలలైంది. ఈమధ్య ఫోన్ మార్చాను, పాతది తమ్ముడి దగ్గర ఉంది. దివ్యాంగుల చట్టం కింద కేసు పెట్టొచ్చా? పక్కింటాయన మాత్రం ‘లోపల కాస్త నీళ్లు పోసి చెడిపోయిందని చెప్పమ్మా, వారంటీలో కొత్తది ఇస్తారు’ అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ‘తోడు పెట్టుకోండి’ అన్న మాట మీద కేసు నిలవదమ్మా. దాన్ని పక్కన పెట్టండి. మీ కేసు గెలిచినా ఓడినా ఆ వాయిస్ మెసేజ్‌ల మీదే. కొనకముందు మీరు ఏ మాటల్లో అడిగారు, వాళ్లు ఏ మాటల్లో జవాబిచ్చారు? ఉత్తరంలో మీరు సారాంశం రాశారు. నాకు కావాల్సింది అక్షరం పొల్లుపోకుండా ఆ మాటలే.

ఎందుకో చెబుతాను. ‘నాబ్ ఉందా’ అని మాత్రమే అడిగి ఉంటే వాళ్లు అబద్ధం ఆడలేదు. నాబ్ ఉంది. కానీ నాబ్‌లు రెండు రకాలు. మొదటి రకం పాతకాలపు స్ప్రింగ్ టైమర్: సున్నా దగ్గర మొదలై చివర ఆగుతుంది, టైము అయిపోగానే గంట కొడుతుంది. దాని పక్కనే వేడికి ఇంకో నాబ్, అదీ రెండు కొసల్లో ఆగేదే. 180 డిగ్రీల దగ్గర ఒక ఉబ్బెత్తు చుక్క అంటించుకుంటే చూపు లేనివాళ్లు తడిమి పెట్టుకోగలరు. రెండో రకానికి మొదలూ చివరా ఉండవు. తిప్పితే టిక్కు టిక్కుమంటుంది. ఒకసారి నొక్కితే టైము, మళ్లీ నొక్కితే వేడి మారతాయి. ఇప్పుడు ఏది మారుతోందో తెర చెప్పాలి తప్ప చేతికి తెలియదు. మీకు వచ్చింది ఈ రెండోది. ఆ మెసేజ్‌లో ‘నాకు చూపు లేదు, చేత్తో తడిమి పెట్టుకునేలా ఉండాలి’ అన్న మాట ఉందంటే కేసు ఉంది. లేకపోతే ఇప్పుడే చెబుతున్నా, చాలా కష్టం.

ఉందనుకుని ముందుకు వెళ్దాం. మిషను చెడిపోలేదు కదా, లోపం ఎక్కడుంది అని షాపువాళ్లు అంటారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(10) చదవమనండి. ప్రమాణాల్లో తేడాతో పాటు, వ్యాపారి ఏ రూపంలోనైనా సరే చెప్పుకున్న లక్షణం వస్తువులో లేకపోవడం కూడా అక్కడ లోపమే. నోటిమాట కూడా ఆ ‘ఏ రూపంలోనైనా’లోకి వస్తుంది. వస్తువు ఉపయోగం గురించి తప్పుదారి పట్టించేలా చెప్పడం సెక్షన్ 2(47) కింద అనుచిత వ్యాపార పద్ధతి. వీటికి తోడు 1930 సరుకుల విక్రయ చట్టం సెక్షన్ 16 ఉంది: ఫలానా అవసరానికి కావాలని చెప్పి, అమ్మేవాడి తెలివిడిని నమ్ముకుని కొంటే, వస్తువు ఆ అవసరానికి పనికిరావాలన్నది ఒప్పందంలో ఉన్నట్టే లెక్క. దీనికో మినహాయింపు ఉంది. ‘ఫలానా కంపెనీదే ఇవ్వండి’ అని పేరు పెట్టి అడిగి ఉంటే షాపువాళ్లు దాన్నే పట్టుకుంటారు. అందుకే మెసేజ్ మొత్తం వినాలి.

దివ్యాంగుల చట్టం గురించి అడిగారు. 2016 చట్టం సెక్షన్ 43, అందరూ వాడగలిగే వస్తువుల తయారీని, పంపిణీని ప్రోత్సహించే బాధ్యత ప్రభుత్వం మీద పెట్టింది. డాబాగార్డెన్స్ షాపు మీద పెట్టలేదు. 2024 నవంబరు 8న రాజీవ్ రాటూరి కేసులో సుప్రీంకోర్టు, దివ్యాంగుల సౌలభ్యం కోసం పెట్టే నియమాలు సలహాల్లా ఉంటే చాలదు, తప్పనిసరి కావాలని కేంద్రానికి చెప్పింది. గొప్ప తీర్పే, కానీ మీ రూ. 8,990 దానితో వెనక్కి రాదు.

ఇక పక్కింటాయన సలహా. ఆ పని మాత్రం చేయకండి. లోపం తేల్చడానికి వినియోగదారుల కమిషన్ వస్తువును ల్యాబుకు పంపగలదు. లోపలి సర్క్యూట్ బోర్డు మీద నీటి మరక ఎక్కడినుంచి వచ్చిందో అక్కడ తెలిసిపోతుంది. నీళ్లు పోసి, తానే పాడైందని అఫిడవిట్ మీద సంతకం పెడితే అది భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 227, 229 కింద అబద్ధపు సాక్ష్యం. ఆ తర్వాత మీ నిజమైన ఫిర్యాదును కూడా ఎవరూ నమ్మరు. పైగా ఇది కిటుకు కూడా కాదు. వారంటీలో మారిస్తే అదే మోడల్ ఇస్తారు, అదే ఆగని నాబ్ మళ్లీ మీ వంటగట్టు మీదికి వస్తుంది.

మీ నిర్లక్ష్యం గురించీ చెప్పాలి. మూడో రోజు ఫోన్ చేశారు, మంచిదే. ‘ఇది నాకు వద్దు, వెనక్కి తీసుకోండి’ అని అదే రోజు వాట్సాప్‌లో ఒక్క ముక్క ఎందుకు పెట్టలేదు? వద్దని చెప్పకుండా తగినంత కాలం దగ్గర ఉంచుకుంటే వస్తువును అంగీకరించినట్టేనని విక్రయ చట్టం సెక్షన్ 42 చెబుతుంది. అప్పుడు తిప్పి ఇచ్చే హక్కు పోయి నష్టపరిహారం మాత్రమే మిగులుతుందని అవతలి వకీలు వాదిస్తాడు. ఆ కాల్‌కు ఇప్పుడు రుజువు కావాలి. తమ్ముడి నంబరు నుంచి చేశారా, మీ నంబరు నుంచా చూసుకుని ఆ నెల కాల్ వివరాలు ఫోన్ కంపెనీని వెంటనే రాతపూర్వకంగా అడగండి. కాల్ చేసిన తేదీ దొరికినా చాలు.

పాత ఫోన్ ఈ రోజే తెప్పించుకోండి. తమ్ముడు దాన్ని రీసెట్ చేస్తే కేసు అక్కడితో అయిపోయింది. ఆ మెసేజ్‌లను కొత్త ఫోన్‌కు ఫార్వర్డ్ చేసుకుని పాతవి చెరిపేయకండి. ఫార్వర్డ్ చేసినదానికి అసలు తేదీ, పంపినవాళ్ల నంబరు ఉండవు. చాట్ తెరిచి, పైన షాపు నంబరు, పక్కన తేదీ కనిపిస్తుండగా, వాయిస్ వినిపిస్తూ ఇంకో ఫోన్‌తో వీడియో తీయించండి. తర్వాత మెసేజ్‌లను అక్షరాల్లో రాయించండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద ధ్రువపత్రం జత చేయాలి. అందులో ఒక భాగం మీరు, ఇంకో భాగం నిపుణుడు నింపాలి. వినియోగదారుల కమిషన్‌లో సాక్ష్యం నియమాలు కాస్త సడలింపుగానే నడుస్తాయి. అయినా ఈ ఒక్క కాగితం లేకపోవడం అవతలివాళ్లకు ఆయుధం కాకూడదు.

మిషను మీద ఇప్పుడు చుక్కలు అంటించకండి, వేపుళ్లూ చేయకండి. ‘అలవాటు చేసుకుని వాడుతున్నారు కదా’ అంటారు. ఇంకో వాదన కూడా వస్తుంది: ఆన్ చేసిన ప్రతిసారీ ఒకే అంకె దగ్గర మొదలవుతుంది కదా, అక్కడినుంచి టిక్కులు లెక్కపెట్టుకోవచ్చు అని. నిజంగానే కొన్ని మోడళ్లు అలా మొదలవుతాయి, కొన్ని కిందటిసారి పెట్టిన అంకెను గుర్తుపెట్టుకుంటాయి. మీది ఏ రకమో తేల్చండి. చూపున్న ఇద్దరి ఎదుట పదిసార్లు ఆన్ చేసి ఆఫ్ చేయించి, ప్రతిసారీ తెరమీద ఏం వచ్చిందో కాగితం మీద రాయించండి. మధ్యలో బుట్ట లాగి మళ్లీ తోస్తే ఏమవుతోందో కూడా రాయించండి. కోనాం చేప ముక్కలు తిప్పి పెట్టాలన్నా బుట్ట లాగాల్సిందే కదా. ప్రతిసారీ ఒకే అంకె వస్తే మీ వాదన బలహీనపడుతుంది. అది నోటీసుకు ముందే తెలియడం మంచిది.

బిల్లు తమ్ముడి పేరు మీద ఉందని కంగారు పడకండి. కొన్నవాళ్ల అనుమతితో వాడేవాళ్లు కూడా వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(7) ప్రకారం వినియోగదారులే. క్యారేజీల మాటకొస్తే, వాణిజ్య అవసరానికి కొన్నవాళ్లకు ఈ చట్టం వర్తించదు. కానీ స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికి కొని, తానే వాడుకుంటే అది వాణిజ్యం కిందికి రాదని అదే సెక్షన్‌లో వివరణ ఉంది. ఫిర్యాదులో ఆ మాట రాయించండి. బిల్లు మీద వ్యాపారం పేరుతో జీఎస్టీ నంబరు వేయించుకున్నారా? వేయించుకుంటే ముందే నాకు చెప్పాలి.

ఫిర్యాదుకు గడువు రెండేళ్లు, అదే చట్టం సెక్షన్ 69. అంటే 2026 అక్టోబరు 25కల్లా ఫిర్యాదు నమోదవ్వాలి. మధ్యలో ఎన్ని నోటీసులు పంపినా, వాళ్లు ఎన్నిసార్లు ‘చూద్దాం’ అన్నా ఆ గడువు పెరగదు. ఆలస్యానికి మాఫీ అడగొచ్చు, కానీ తగిన కారణం చూపాలి. ఫోన్ మార్చడం కారణం కాదు.

షాపుకూ తయారీ కంపెనీకీ పదిహేను రోజుల గడువిచ్చి స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి, డెలివరీ రుజువు దాచండి. అదే సమయంలో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి, కొన్నిసార్లు తగవు అక్కడే తెగిపోతుంది. తెగకపోతే విశాఖ జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలి. కొన్న ధర 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. ఆన్‌లైన్‌లో ప్రభుత్వ ఈ-జాగృతి పోర్టల్‌లో కూడా వేయొచ్చు. విచారణకు వీడియోలో హాజరు కావాలంటే కారణం చూపి అర్జీ పెట్టుకోవాలి. వకీలు ఖర్చు గురించి ఆలోచించకండి. 1987 న్యాయసేవల చట్టం సెక్షన్ 12 కింద స్త్రీగానూ, దివ్యాంగురాలిగానూ మీరు ఉచిత సాయానికి అర్హులే, ఆదాయంతో పనిలేదు. ఉచిత న్యాయసాయం హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేసినా, జిల్లా కోర్టు ఆవరణలో న్యాయసేవాధికార సంస్థకు వెళ్లినా సరే.

అఫిడవిట్ దగ్గర జాగ్రత్త. నోటరీ మీకు చదివి వినిపించి, మీకు అర్థమైనట్టు చెప్పాక సంతకం లేదా వేలిముద్ర తీసుకున్నానని కింద రాయాలి. ఆ వాక్యం లేని కాగితం మీద సంతకం పెట్టకండి.

ఐదు లక్షలు పరిహారం అడగమని ఎవరైనా చెబితే వినకండి. ధర వాపసు, దానిమీద వడ్డీ, మనోవేదనకు మితమైన మొత్తం, ఖర్చులు అడిగితే నమ్మేలా ఉంటుంది. ‘లేదా రెండు కొసల్లో ఆగే నాబ్‌లున్న మోడల్‌తో మార్పిడి’ అని ప్రత్యామ్నాయంగా పెట్టండి. అలాంటివి తెరలున్నవాటికంటే తరచూ తక్కువ ధరకే వస్తాయి కాబట్టి షాపువాళ్లు రాజీకి ఒప్పుకునే వీలుంది. రాజీ కుదిరితే మోడల్ నంబరుతో పాటు ‘టైముకూ వేడికీ వేర్వేరు నాబ్‌లు, రెండూ కొసల్లో ఆగేవి, టైము పూర్తవగానే గంట మోగేది’ అన్న మాటలు రాజీ పత్రంలోనే రాయించుకోండి. షాపులోనే మీ చేత్తో తిప్పి చూసుకున్నాకే పాత మిషను అప్పగించండి.