ఇటలీ మధ్యలో ఉన్న బుల్లి దేశం శాన్ మారినో తరఫున, యూరప్ దేశాల మధ్య ఏటా జరిగే పాటల పోటీ యూరోవిజన్‌లో బయటి దేశాల గాయకులు పాడుతున్నారేంటి? అది రూల్స్‌కి విరుద్ధం కాదా?

కాదు. యూరోవిజన్‌లో గాయకుల పౌరసత్వం గురించి ఎలాంటి షరతూ లేదు. ఎవరిని పంపాలన్నది ఆ దేశపు టీవీ సంస్థ ఇష్టం. శాన్ మారినో జనాభా దాదాపు 34 వేలే. ఏటా అందులోంచే ఒక స్టార్‌ని వెతకమంటే ఎలా?

2008లో మొదటిసారి వచ్చి సెమీఫైనల్లో ఆఖరి స్థానంలో నిలిచారు. తర్వాత స్థానిక గాయని వాలెంటీనా మోనెట్టా 2012, 2013ల్లో వరుసగా సెమీస్‌లోనే ఆగిపోయినా, 2014లో మళ్లీ ఆమెనే పంపారు. దేశాన్ని తొలిసారి ఫైనల్‌కి చేర్చింది ఆవిడే. ఆ పట్టుదల నాకు భలే నచ్చుతుంది. 2019లో టర్కీ గాయకుడు సెర్హాత్ పాడారు. 2021లో ఇటలీలో పుట్టిన సెన్హిత్ పక్కన అమెరికన్ ర్యాపర్ ఫ్లో రైడా స్టేజీ ఎక్కాడు. అసలు వస్తాడా రాడా అని చివరిదాకా టెన్షనే! ఇంతా చేస్తే వచ్చింది 22వ స్థానం.

ఇంకో విచిత్రం ఓటింగ్‌లో ఉంది. శాన్ మారినో ఫోన్లు ఇటలీ నెట్‌వర్క్‌తో కలిసి ఉండటంతో ప్రేక్షకుల ఓట్లను విడదీసి లెక్కించలేరు. అందుకే శాన్ మారినో ప్రేక్షకుల పాయింట్లుగా చూపించేవి వేరే కొన్ని దేశాల ఫలితాల ఆధారంగా లెక్కగట్టినవే.