తాబేలు తిండి మానేసిందా? సిరప్ సంగతి తర్వాత, ముందు ముక్కు చూడండి

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది మదనపల్లె. బెంగళూరు కె.ఆర్. పురంలో అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం. ఆరేడేళ్లుగా మా ఇంట్లో ఒక తాబేలు ఉంది. డిప్ప మీద పసుపు గీతలు నక్షత్రాల్లా ఉంటాయి. రోజూ కీరా, టమాట, క్యాబేజీ తినేది. రెండు వారాలుగా ఏమీ ముట్టడం లేదు. తల లోపలికి లాక్కుని మూలన పడి ఉంటోంది. అప్పుడప్పుడు ముక్కు దగ్గర బుడగ వస్తోంది. చలికాలం నిద్ర, కదిలించవద్దని మా అత్తయ్య అంటున్నారు. ఆకలి పెరగడానికి ఏదైనా సిరప్ చెప్పగలరా? మా కుక్కకు గోమార్ల కోసం తెచ్చిన మందు మిగిలింది. కడుపులో పురుగులుంటే పోతాయని అది ఒక చుక్క వేయవచ్చా?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: మీ చివరి ప్రశ్నతో మొదలుపెడతాను. వద్దమ్మా, ఆ సీసా మూత కూడా తీయకండి. గోమార్లకు, పురుగులకు వాడే మందుల్లో చాలావాటిలో ఐవర్‌మెక్టిన్ ఉంటుంది. చాలా కుక్కలు తట్టుకునే ఈ మందు తాబేలుకు విషం. నరాల మీద దెబ్బ కొడుతుంది, కాళ్లు చచ్చుబడతాయి, ప్రాణం పోవచ్చు. దీనికి విరుగుడు మందంటూ లేదు. మీ సీసాలో ఉన్నది అదేనో కాదో చెప్పలేను, మీరు పేరు రాయలేదు. ఇప్పటికే వేసి ఉంటే మాత్రం వెళ్లిన చోట దాచకుండా చెప్పండి, సీసా చూపించండి. తిడతారేమోనని చాలామంది చెప్పరు. అక్కడే వైద్యం దారి తప్పుతుంది.

ఇక మీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టింది తిండి మానేయడం కంటే ఆ బుడగ. మీరు దాన్ని 'అప్పుడప్పుడు' అని ఒక్క మాటలో దాటేశారు. నీళ్లు తాగగానే ముక్కు దగ్గర తడి కనిపిస్తే పెద్ద విషయం కాదు. నీళ్ల జోలికి వెళ్లకుండానే బుడగలు వస్తుంటే, దానికి తోడు తిండి కూడా మానేస్తే, ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్ ఉందేమోనని అనుమానించాలి. మనకు కఫం పడితే దగ్గి బయటికి తెచ్చుకుంటాం. తాబేలు అలా దగ్గలేదు, కఫం లోపలే పేరుకుంటుంది. పైకి కనిపించే సరికి జబ్బు ముదిరిపోయి ఉంటుంది. మెడ బాగా చాచి నోరు తెరిచి ఊపిరి తీస్తోందా? ఊపిరితో పాటు గురగుర, టిక్ టిక్ లాంటి చప్పుడు వస్తోందా? వీటిలో ఏది కనిపించినా ఈ జవాబు చదవడం ఆపి ఆటో పిలవండి.

అత్తయ్యగారి మాట కొట్టిపారేయడం లేదు. చల్లటి దేశాల తాబేళ్లలో కొన్ని నిజంగానే చలికాలమంతా నిద్రపోతాయి. మీరు చెప్పిన గుర్తుల్ని బట్టి మీ ఇంట్లోది నక్షత్ర తాబేలు అనిపిస్తోంది. మన రాయలసీమ ముళ్లపొదల్లో తిరిగే జాతి ఇది. చలికి, మండుటెండకు కదలిక తగ్గిస్తుంది, వానలు పడితే చురుగ్గా తిరుగుతుంది. అంతేగానీ నెలల తరబడి పడుకునే నిద్ర దీనికి లేదు. ముక్కు కారడం ఏ జాతి నిద్రలోనూ భాగం కాదు.

బెంగళూరులో డిసెంబరు, జనవరి రాత్రులు 15, 16 డిగ్రీలకు పడిపోతాయి. మీ ఫ్లాట్ టైల్స్ మీద పొద్దున్నే చెప్పుల్లేకుండా నడిచి చూడండి, దాని పొట్టకు రాత్రంతా ఏం తగులుతోందో తెలుస్తుంది. తాబేలు ఒంటి వేడి చుట్టూ ఉన్న గాలిని బట్టి మారుతుంది. ఒళ్లు చల్లబడితే అరుగుదల ఆగిపోతుంది, రోగాన్ని తట్టుకునే శక్తీ తగ్గుతుంది. అందుకే ఆకలి సిరప్ అడిగినా నేను రాయను. చల్లబడిన కడుపులోకి బలవంతంగా తోసిన ఆహారం అరగదు, కుళ్లుతుంది. సిరంజితో నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం వేరే.

ఆస్పత్రికి తీసుకెళ్లేలోపు ఇంట్లో చేయగలిగింది వెచ్చదనం ఇవ్వడం. పెద్ద అట్టపెట్టె తీసుకుని, ఒక చివర పైన అడుగు ఎత్తులో 60 వాట్ల పాతరకం బల్బు బిగించండి. అట్టకు, గుడ్డకు తగలకూడదు. ఎల్‌ఈడీ పనికిరాదు, దానికి వేడి ఉండదు. లోపల థర్మామీటర్ పెట్టి పగలు 29 నుంచి 32 డిగ్రీలు, రాత్రి 26కు తగ్గకుండా చూడండి. రెండో చివర కాస్త చల్లగా ఉండాలి, వేడెక్కితే అదే పక్కకు జరుగుతుంది. హాట్ వాటర్ బ్యాగ్ కింద పెట్టకండి, పొట్ట కాలినా అది పక్కకు జరగకపోవచ్చు. బాగా నీరసంగా లేకపోతే, ఊపిరి కష్టంగా తీయకపోతే, గోరువెచ్చటి నీళ్లలో రోజూ పావుగంట కూర్చోబెట్టండి. నీళ్లు గడ్డం కిందికే ఉండాలి, మీరు పక్కనే ఉండాలి. వంటింటి డిజిటల్ త్రాసు మీద బరువు తూచి రాసి పెట్టుకోండి. డాక్టరు మొదట అడిగేది అదే.

రెండు వారాలు ఆగారు. కుక్క రెండు పూటలు తినకపోతే ఇలాగే ఆగేవారా? తాబేలు నెమ్మదైన జీవి కాబట్టి దాని జబ్బూ నెమ్మదేనని చాలామంది అనుకుంటారు. అది నొప్పిని బయటపెట్టదు, అంతే తేడా. పెట్ షాపులో అడిగి విటమిన్ చుక్కలు, కంటి చుక్కలు వేసి, అవి పనిచేయక మూడో వారంలో మా దగ్గరికి తెస్తారు. విటమిన్ ఎ ఇంజెక్షన్ మోతాదు మించితే చర్మం ఊడిపోతుంది. యాంటీబయాటిక్ అయినా బరువు లెక్కగట్టి, సాధారణంగా ముందు కాలికే వేస్తాం, వెనక కాలికి వేస్తే మందు ముందు కిడ్నీల గుండా పోవచ్చని. ఇవి షాపులో చెప్పరు. చూడకుండా నేనూ మందు పేరు రాయను.

ఎక్స్‌రే తప్పనిసరిగా అడగండి. ఊపిరితిత్తులతో పాటు మూత్రాశయంలో రాళ్లు, పేగుల్లో ఇరుక్కున్న గులకరాళ్లు, ఆడదైతే గుడ్లు కనిపిస్తాయి. మగ తోడు లేకపోయినా ఆడ తాబేలు గుడ్లు పెట్టగలదు, అవి లోపలే ఆగిపోతే తిండి మానేస్తుంది. వెనక కాళ్లతో నేల గీకుతోందేమో గమనించి చెప్పండి.

తిండి విషయం కోలుకున్నాక మాట్లాడుకోవాల్సింది. కీరా, టమాటలో ఉన్నది ఎక్కువగా నీళ్లే. దీనికి కావలసింది పీచు, కాల్షియం: గరిక, మందార ఆకులు, మల్బరీ ఆకులు. కాల్షియం ఒంటపట్టాలంటే ఎండ నేరుగా తగలాలి. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండలో అసలు పని చేసే కిరణాలు ఉండవు. డిప్ప నొక్కితే మెత్తగా ఉందా అన్నది కూడా డాక్టరు చూస్తారు.

మీరు అడగకపోయినా ఒక మాట చెప్పక తప్పదు. నక్షత్ర తాబేలును ఇంట్లో పెంచుకోవడం చట్టప్రకారం నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణతో ఇది మొదటి షెడ్యూలులోకి, అంటే అన్నిటికంటే గట్టి రక్షణ ఉన్న జీవుల జాబితాలోకి చేరింది. ఇంట్లో ఉంటే కలిసొస్తుందన్న నమ్మకం మీద నేను వాదించను. ఈ భయంతో ఆస్పత్రికి వెళ్లకుండా ఉండకండి, అలాగని రహస్యంగా ఎవరికో ఇచ్చేయడం, చెరువులో వదలడం అసలు చేయకండి. ఇది నేల తాబేలు, నీళ్లలో మునిగిపోతుంది. అటవీ శాఖకు తెలియజేసి అప్పగించండి. కేసు సంగతి ఏమవుతుందో నేను చెప్పలేను, అవసరమైతే వకీలును అడగండి. బన్నేరుఘట్ట దగ్గర వన్యప్రాణుల పునరావాస కేంద్రం ఉంది, హెబ్బాళలో పశువైద్య కళాశాల ఆస్పత్రి ఉంది. ముందు ఫోన్ చేసి, తాబేళ్లను చూసే డాక్టరు ఎప్పుడుంటారో కనుక్కుని వెళ్లండి, కుక్కలు, పిల్లులు చూసే అందరికీ వీటితో అలవాటు ఉండదు.

చివరగా మీ ఇంటివాళ్ల కోసం. తాబేళ్ల ఒంటిమీద సాల్మొనెల్లా క్రిములు ఉండవచ్చు. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగండి, దాని టబ్బును వంటింటి సింకులో కడగకండి. త్రాసు మీద తూచేటప్పుడు కవరు వేయండి. ఐదేళ్లలోపు పిల్లలుంటే దగ్గరికి రానివ్వకండి. వాళ్లకు జ్వరంతో విరేచనాలు పట్టుకుంటే, ఇంట్లో తాబేలు ఉందని పిల్లల డాక్టరుకు చెప్పండి.