ముందస్తు ఎన్నికలతో ప్రజాస్వామ్యం బలపడుతుందా? లెసోతోలో నేను చూసింది

గడువు తీరకముందే పార్లమెంటు ఎన్నికలు పెడితే ఆఫ్రికా దక్షిణాది దేశాల్లో ప్రజాస్వామ్యం బలపడుతుందా అని అడిగారు. దక్షిణాఫ్రికా మధ్యలో ఉన్న చిన్న రాజ్యం లెసోతో. దాని రాజధాని మసేరులో ఒక బట్టల ఫ్యాక్టరీలో లెక్కలు చూసే రోజుల్లో అలాంటి ఎన్నికలు రెండు దగ్గరగా చూశాను. నా మటుకు, బలపడదు. గొడవ ముదరకుండా కొన్నాళ్లు ఆగుతుంది, అంతే.

2014 జూన్‌లో ప్రధాని టామ్ థబానే అవిశ్వాస తీర్మానాన్ని తప్పించుకోవడానికి పార్లమెంటు సమావేశాలనే ఆపించారు. ఆగస్టు 30న సైన్యం పోలీసు స్టేషన్ల మీద పడింది, ఆయన సరిహద్దు దాటి దక్షిణాఫ్రికా వెళ్లిపోయారు. పొరుగు దేశాల కూటమి సాడెక్ తరఫున అప్పటి దక్షిణాఫ్రికా ఉపాధ్యక్షుడు సిరిల్ రామఫోసా మధ్యవర్తిత్వం చేశాక 2015 ఫిబ్రవరి 28న ఎన్నికలు జరిగాయి. పకలిథా మొసిసిలీ ఏడు పార్టీల సంకీర్ణంతో గద్దెనెక్కారు. ఆ జూన్‌లోనే మాజీ సైన్యాధిపతి మహావోను సైనికులే కాల్చి చంపారు.

2017 మార్చిలో మొసిసిలీ మీద అవిశ్వాసం నెగ్గింది. అప్పటి నిబంధన ప్రకారం ఓడిన ప్రధాని దిగిపోవాలి, లేదంటే సభ రద్దు చేయమని రాజును కోరవచ్చు. ఆయన రద్దే కోరారు. జూన్ 3న పోలింగ్, మళ్లీ థబానే. సెప్టెంబరులో మరో సైన్యాధిపతి హత్య! 2018లో తెలంగాణలో కేసీఆర్ సభను రద్దు చేసింది బలం ఉండి. లెసోతోలో బలం పోయాక.

ఓడినవాళ్లు మారుమాట లేకుండా దిగిపోయారన్నది మాత్రం గొప్పే. 1998లో 80 సీట్లలో 79 ఒకే పార్టీకి పోతే ఓడినవాళ్లు ఒప్పుకోలేదు, అల్లర్లలో మసేరు తగలబడింది మరి.

మా ఫ్యాక్టరీలో ఎక్కువ మంది కొండ జిల్లాల ఆడవాళ్లు, ఓటేమో సొంతూళ్లో. శనివారం పోలింగ్ అంటే టాక్సీ ఛార్జీలు, పోయిన ఓవర్‌టైం. 2015లో ఉత్సాహంగా వెళ్లినవాళ్లే రెండేళ్లకు "మళ్లీ ఆ ఇద్దరేగా" అని ఉండిపోవడం చూస్తే నాకు బాధేసింది. 2012లో సగం మంది ఓటేసిన దేశంలో 2022కి 40 శాతం కూడా రాలేదు.

ఆ రోజుల్లో నియోజకవర్గంలో గెలిచిన ఎంపీ పార్టీ మారినా సీటు పోయేది కాదు. అసలు రోగం అదే. 1997లో ప్రధాని మొఖెహ్లే సభలోనే కొత్త పార్టీ పెట్టి, తనను గెలిపించిన పార్టీనే ప్రతిపక్షంలో కూర్చోబెట్టారు. కాబట్టి నేను కోరేది, ప్రధాని ఓడితే సభలోనే మరొకరికి అవకాశం ఇవ్వమని. 2020లో థబానే దిగిపోయినప్పుడు ఎన్నికలు లేకుండానే మొయెకెట్సి మజోరో ప్రధాని అయ్యారు, 2022లో గడువు ప్రకారమే ఎన్నికలు జరిగాయి.