అంగిట్లో మచ్చ: జెల్ రాస్తూ ఎన్నాళ్లు?

ప్రశ్న: మా అమ్మకు 58 ఏళ్లు. వయసులో ఉన్నప్పటి నుంచీ అడ్డపొగ (చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని కాల్చడం) అలవాటు. రెండు నెలలుగా అంగిలి తెల్లగా, మధ్యలో ఎర్రగా ఉంది. నొప్పి లేదు, కారం తింటే మంట. మెడికల్ షాపులో ఇచ్చిన జెల్, బి-కాంప్లెక్స్ వాడుతున్నాం. ఇంకా మంచి మందు ఉందా? చుట్టలు తగ్గిస్తే చాలా? నాది ఖైనీ, పొగ కాదు కాబట్టి ఫర్వాలేదు కదా?
– ఒక పాఠకుడు, సోంపేట

జవాబు: మందు పేరు చెప్పను. చూడకుండా క్యాన్సర్ అనీ అనలేను, కాదనీ అనలేను. మామూలుగా చుట్ట కాల్చేవాళ్లకు అంగిలి తెల్లబడితే, మానేశాక చాలావరకు తగ్గిపోతుంది. అడ్డపొగలో నిప్పున్న కొస నోట్లోనే ఉంటుంది. వేడీ పొగా నేరుగా అంగిలికి తగులుతాయి. అందుకే శ్రీకాకుళం, విశాఖ తీరంలోని ఆడవాళ్లలో అంగిలి క్యాన్సర్ మాకు కొత్త కాదు. మధ్యలో ఎర్రగా ఉందన్నారే, నా టెన్షన్ దాని గురించే. నొప్పి లేదని ధైర్యపడకండి, మొదట్లో ఉండకపోవచ్చు.

నోట్లో మచ్చ, పుండు రెండు వారాల్లో మానకపోతే డాక్టర్‌కు చూపించాలి. మీరు రెండు నెలలు జెల్‌తో గడిపేశారు! చాలా జెల్‌లు కాసేపు మంట తెలియకుండా చేస్తాయి, అంతే. షాపతను నోరు తెరిపించి చూశాడా అసలు? ఈ వారంలోనే శ్రీకాకుళం ప్రభుత్వాసుపత్రిలో డెంటల్ లేదా ఈఎన్‌టీ విభాగానికి తీసుకెళ్లండి. అవసరమైతే విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి పంపుతారు. బయాప్సీ (మచ్చ నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించడం) అంటే వెనకాడకండి. ముక్క తీస్తే ముదిరిపోతుందన్న మాట నిజం కాదు.

30 దాటినవాళ్లకు ఊళ్లోనే ఏఎన్ఎం నోటి పరీక్ష చేయాలి. టార్చి వేసి నాలుక, బుగ్గలు చూసి వదిలేస్తే అంగిలి తప్పిపోతుంది. తల వెనక్కి వాల్పించి, కట్టుడు పళ్లుంటే తీయించి చూడాలి. ‘సిగరెట్ తాగుతారా’ అని అడిగితే మీ అమ్మగారు లేదనే అంటారు, అందులో అబద్ధమూ లేదు. అడ్డపొగ గురించి విడిగా అడగాలి. 2016 నుంచి ప్యాకెట్ మీద 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ ఉంటోంది, సరే. ఇంట్లో చుట్టుకునే చుట్టకు ప్యాకెట్టే లేదు కదా! ఈ జిల్లాలకు క్యాన్సర్ నివారణ ప్రణాళిక రాసేవాళ్లు ఆ సంగతి పట్టించుకోవాలి.

తగ్గించడం కాదు, పూర్తిగా మానాలి. ఖైనీ కూడా పొగాకే. దాన్ని దవడన పెట్టుకునే చోటే క్యాన్సర్ రావచ్చు, మీ నోరూ చూపించుకోండి. మానడానికి 1800-11-2356కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు. నికోటిన్ గమ్ మాత్రం బయాప్సీ రిపోర్టు చూసిన డాక్టర్‌ను అడగకుండా అమ్మగారికి కొనకండి.