మగ్గాల లెక్క చూసే ముందు

పోచంపల్లి

చిరంజీవి బిడ్డకు,

ఉద్యోగం మానేసి మన చీరల వ్యాపారం చూసుకుంటావని మీ బాపు ఫోన్‌లో చెప్పాడు. వాడకట్టంతా తిరిగి చెప్పుకున్నాను. మన ఇంట్లో ఆడపిల్లలు ఆసు పోశారు (పోగును మేకుల చుట్టూ అటూ ఇటూ తిప్పే పని), కండెలు చుట్టారు గానీ గద్దె మీద కూర్చొని లెక్క చూసినవాళ్ళు లేరు. ఆ తర్వాత మీ బాపు ఇంకో మాట అన్నాడు. మగ్గాల ఇళ్ళన్నిటినీ ఎక్సెల్‌లో ఎక్కించి, ఎవరు ఎన్ని చీరలు ఇస్తున్నారో చూసి, కింద ఉన్న నాలుగైదు ఇళ్ళకు వార్పులు, అంటే మనం నేతకిచ్చే పడుగు పట్టు, ఆపేద్దామన్నావట. అప్పటినుంచి నాకు ఒకటే టెన్షన్. అందుకే ఈ ఉత్తరం.

ముందు చిన్న పనులు. చిన్న పరిశ్రమలకిచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించు. పోచంపల్లి ఇక్కత్‌కు 2004-05లోనే జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది గానీ అది ఇక్కడి చేతిపనికి వచ్చింది, మన కొట్టుకు కాదు. ఆ గుర్తింపు వాడుకోవడానికి అధీకృత వినియోగదారుగా నీ పేరు విడిగా నమోదు చేయించుకోవాలి. చీర ఫొటోలు పగటి వెలుగులో తీయి. పట్నం షాపులకు ఉద్దెర ఇస్తే ఒప్పందం రాయించుకో. రాత ఉంటే ఎక్కువలో ఎక్కువ 45 రోజులు, లేకపోతే 15 రోజుల్లో మనలాంటి చిన్న ఉత్పత్తిదారులకు డబ్బు కట్టాలని 2006 చట్టం ఉంది. మీ తాత కాలంలో ఆ చట్టం లేదు. ఉన్నా ఆయన అడిగేవాడు కాదులే, మొహమాటం.

ఇప్పుడు మీ తాత సంగతే చెప్పాలి. ఒక ఏడు, మన సరుకులో సగం కొనే షాపు డబ్బు ఆపేసింది. అది ఆషాఢం, వెనకే మూఢం, పెళ్ళిళ్ళు లేవు. పట్టు కొనడానికి చేతిలో రూపాయి లేదు. ఆయన ఖాతా పుస్తకం ముందేసుకొని, ఎవరిమీద అడ్వాన్సు ఎక్కువ, ఎవరి చీరలు తక్కువ అని చూశాడు. మూలింటి పెద్దాయన పేరే మొదట తేలింది. ఒక వార్పు దించడానికి ఆయన అందరికంటే ఆలస్యం చేసేవాడు. మీ తాత కొత్త వార్పు ఇవ్వనని కబురు పంపి, పాత బాకీ కూడా అడిగించాడు. పుస్తకం ప్రకారం చూస్తే తప్పేమీ లేదు.

ఆయన ఎందుకు ఆలస్యం చేసేవాడో మాత్రం పుస్తకంలో లేదు. తెల్లారితే ఎవరో ఒకరు చిటికీ కట్టిన పట్టు (రంగు అంటకుండా అక్కడక్కడా రబ్బరుతో బిగించింది) తీసుకొని ఆయన అరుగు మీదికి వచ్చేవారు. రబ్బరు ఎక్కడ వదులైందో, రంగు ఎక్కడ లోపలికి పాకుతుందో వేలితో తడిమి చెప్పేవాడు. కొత్త డిజైన్‌ను గ్రాఫ్ కాగితం మీద గీసుకొస్తే, ఎన్ని పోగులకు ఒక కట్టు వేయాలో లెక్కకట్టి ఇచ్చేవాడు. ఆ పొద్దంతా ఆయన మగ్గం ఆగేది. ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు, మనవాళ్ళే కదా అనేవాడు.

వార్పు ఆగాక పెద్దాయన కొడుకు మహారాష్ట్రలోని భివండి పోయి పవర్‌లూమ్‌లో చేరాడు, వెనకే ఇల్లంతా కదిలింది. ఒక మనిషి పోతే ఒక మగ్గమే పోతుందనుకోకు. నేసేవాడు, చిటికీ కట్టే తండ్రి, ఆసు పోసే కోడలు, అందరూ ఒకేసారి పోతారు. కొన్నాళ్ళకే మన చీరల్లో పడుగులో (నిలువు పోగుల్లో) కట్టిన పువ్వు, పేకలో (అడ్డపోగుల్లో) కట్టిన పువ్వు ఒకదానిమీద ఒకటి కూర్చోవడం మానేశాయి. షాపులు చీరలు వెనక్కి పంపాయి. మీ తాత భివండి దాకా పోయి బతిమాలాడు. పెద్దాయన కోపం చేయలేదు, అన్నం పెట్టి పంపాడు. ఊళ్ళో గుంట మగ్గం పూడ్చి బండలు పరిచేశాం, ఇంక దేనికొస్తాను అన్నాడట.

మీ బాపు నీకు ఇది చెప్పి ఉండడు. తండ్రిని ఒక మాట అనాలంటే వాడికి నోరు రాదు.

అలాగని అందరినీ నెత్తిన పెట్టుకోమనను. 'మనవాళ్ళే కదా' అంటూ ఏళ్ళ తరబడి మజూరీ పెంచని సావుకార్లను చూశాను. అడ్వాన్సు ఇచ్చి మగ్గాన్ని తమకే కట్టేసుకున్నవాళ్ళను చూశాను. అడ్వాన్సు ఇక్కడ తీసుకొని చీర ఇంకొకరికి అమ్మినవాళ్ళూ ఉన్నారు. వరసకు బావ అని చెప్పి లెక్క రాయకుండా రూపాయి ఇవ్వకు. మన దగ్గర ఉన్న లెక్కే వాళ్ళ చేతిలో కూడా ఒక పుస్తకంలో ఉండాలి.

ఇంకోటి, ఖాతాల్లో అన్నీ మగవాళ్ళ పేర్లే. ఆసు పోసినవాళ్ళ పేరు ఏ పేజీలోనూ దొరకదు. ఒక్క చీరకు వేలసార్లు చెయ్యి అటూ ఇటూ ఆడాలి. తల్లి పడే బాధ చూడలేక చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం చేసి దానికి ఆమె పేరే పెట్టాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. నా భుజం అప్పటికే పోయిందనుకో. నీ ఎక్సెల్‌లో ఆసుకు ఒక గడి, చిటికీకి ఒక గడి, నేతకు ఒక గడి పెట్టి, ఎవరి డబ్బు వాళ్ళ బ్యాంకు ఖాతాలో వెయ్యి. పక్కింటికి చెప్పిచ్చిన పనికి కూడా ఒక గడి పెట్టు, కూలి కట్టు.

లాభం రాగానే షోరూమ్ అనకు. గిరాకీ లేని నెలల్లో అన్ని ఇళ్ళకూ వార్పు ఇవ్వగలిగినంత డబ్బు ముందు పక్కన పెట్టు. అది నిండాకే కొత్త ఖర్చు.

ఆ నాలుగైదు ఇళ్ళ పేర్లు నాకు వాట్సాప్‌లో పంపు. ఆదివారం ఇద్దరం తిరుగుదాం. ల్యాప్‌టాప్ తెరవకు, వాళ్ళు పోసిన చాయ్ తాగి ఒక గంట కూర్చో. సన్నబడ్డావని మీ అమ్మ చెప్పింది. సకినాలు చేసి పెట్టాను, డబ్బా తీసుకొని రా.

నీ మేనత్త