ఫాక్స్‌ప్రో ప్రోగ్రాంని జావాలోకి మార్చాలా, సీ షార్ప్‌లోకా?

మిల్లు మొత్తం పాత డాస్ ఫాక్స్‌ప్రో (విండోస్‌కి ముందు కాలం నాటి డేటాబేస్ సాఫ్ట్‌వేర్) ప్రోగ్రాం మీదే నడుస్తోంది, దాన్ని కొత్త ప్రోగ్రామింగ్ భాషలైన జావాలో రాయించాలా సీ షార్ప్‌లోనా అని అడిగారు కదండీ. భాష సంగతి తర్వాత, ముందు మొత్తం ఒకేసారి తిరగరాయించే ఆలోచన మానుకోండి, దండం పెట్టి చెప్తున్నా. భీమవరం దగ్గర ఒక రొయ్యల కంపెనీలో మేం సరిగ్గా అదే చేసి ఏడాదిన్నర పోగొట్టుకున్నాం. 30 కౌంట్‌కి (అంటే కిలోకి 30 రొయ్యలు) ఒక రేటు, 40కి ఒక రేటు, మధ్యలో 34 వస్తే ఎలా కట్టాలి, సాఫ్ట్ రొయ్య (పెంకు మెత్తగా ఉన్నది) ఉంటే ఎంత తీసెయ్యాలి, ఇవేవీ ఏ కాగితం మీదా లేవు, ఆ పాత కోడ్‌లోనే ఉన్నాయి, రాసినాయన ఎప్పుడో మానేశారు.

ఆ తర్వాత దారి మార్చాం. 2023 ఆగస్టు నుంచి 5 కోట్ల టర్నోవర్ దాటినవాళ్ళకి కూడా జీఎస్టీ ఈ-ఇన్‌వాయిస్ తప్పనిసరి అయింది కదా, బిల్లుని ప్రభుత్వ పోర్టల్‌కి జేసన్ అనే ఫార్మాట్‌లో పంపాలి, అది డాస్ ప్రోగ్రాం వల్ల అయ్యే పని కాదు. దాన్ని కదపకుండా పక్కన సీ షార్ప్‌లో చిన్న వెబ్ సర్వీస్ పెట్టాం. అది డీబీఎఫ్ ఫైళ్ళు (ఫాక్స్‌ప్రో డేటా ఉండేవి) చదివి బిల్లు పంపి, వచ్చిన నంబరూ క్యూఆర్ కోడూ వేరే టేబుల్‌లో రాసుకుంటుంది. అది కుదురుకున్నాక కొనుగోళ్ళు, తర్వాత స్టాకు, ఒక్కోటి బయటికి లాగాం.

కొనుగోళ్ళు మార్చిన వారంలోనే ఒక రైతు వచ్చి బిల్లులో రూపాయి తగ్గిందేంటండీ అన్నారు. ఆయన లెక్కే కరెక్టు. 18,642.50ని ఫాక్స్‌ప్రో 18,643 చేస్తుంది, సీ షార్ప్‌లో పైసలు సర్దే మామూలు మ్యాథ్ రౌండ్ ఫంక్షన్ వాడితే సరిసంఖ్య వైపు వెళ్ళి 18,642 అవుతుంది. సగం వస్తే పై అంకెకే వెళ్ళమని, అవే ఫ్రం జీరో అనే ఆప్షన్‌తో విడిగా చెప్పాలి. రూపాయే కదా అనుకోకండి, కాటా దగ్గర నమ్మకం పోతే ఆ రైతు మళ్ళీ సరుకు తీసుకురాడు.

అలాగని పాతదాంట్లోనే ఉండిపోమనట్లేదు. విజువల్ ఫాక్స్‌ప్రో ఆఖరి వెర్షన్‌కే 2015 జనవరితో సపోర్ట్ ఆగిపోయింది, మీది అంతకన్నా పాతది. జావా అయినా సీ షార్ప్ అయినా పర్లేదు, రాత్రి పూట ఫోన్ చేస్తే వచ్చి చూసే మనిషికి ఏది వచ్చో అది తీసుకోండి. ఒక దాళ్వా సీజన్ మొత్తం పాతదీ కొత్తదీ పక్కపక్కన నడిపి ప్రతి బిల్లూ పోల్చండి. మొదలెట్టేముందు ఫోల్డర్ మొత్తం కాపీ చేసుకోండి, డీబీఎఫ్‌లతో పాటు ఎఫ్‌పీటీ ఫైళ్ళు కూడా, అవి లేకపోతే మెమోల్లో (పెద్ద నోట్సు రాసుకునే గడుల్లో) రాసుకున్నదంతా పోతుంది.